అత్తయ్య కునుకు తీసిన కారవాన్

మా అత్తయ్య ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా ముందు అందులో ఓ కునుకు తీసేది. గోడలూ గుమ్మాలూ చూడటం ఆ తర్వాత. సంచిలోంచి పాత చీర ఒకటి తీసి నేల మీద పరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని, ఇంటివాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకేమీ లేకుండా పడుకునేది. ఆవిడ సమితి బడుల్లో టీచరుగా పనిచేసింది. కుదురుకున్నామనుకునేలోపే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చేది. కొత్త ఊళ్లో అద్దె గది చూపించేవాళ్లు చల్లటి పూట చూసి, గది కడిగి, ముగ్గేసి మరీ చూపిస్తారు. పక్కనే పిండిమర ఉందనీ, వెనకాల పేడదిబ్బ ఉందనీ, మధ్యాహ్నానికి పైరేకులు పెనంలా కాలిపోతాయనీ ఎవరూ చెప్పరు. అందుకని పడుకుని చూడాలనేది. నిద్ర పట్టిందంటే ఆ ఇల్లు మంచిది, పట్టకపోతే ఇంకోటి వెతుక్కోవాలి. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి విని నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అలా నవ్విన నేనే కొన్నాళ్లకి లీసెస్టర్ బయట, కారు వెనక తగిలించుకునే కారవాన్లు అమ్మే ఒక యార్డులో, టై కట్టుకున్న ఇంగ్లిష్ సేల్స్‌మన్ పక్కన నిలబడి, ఆవిడ ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూశాను.

అత్తయ్య చివరి ఏళ్లన్నీ మాతోనే లండన్ శివార్లలో స్టాన్‌మోర్‌లో ఉండి, పోయిన శీతాకాలంలో కన్నుమూసింది. మొన్నామధ్య లీసెస్టర్‌లో మా పాత పొరుగు పద్మ ఆంటీ వాళ్లింట్లో వ్రతమంటే నేనూ మా అమ్మాయి మేఘనా కార్లో వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు మార్కెట్ హార్బరో బోర్డు కనపడగానే ఒక్కసారి ఊరు దాటి అవతలికి పోనిమ్మన్నాను. మేం ఒక చలికాలమంతా కారవాన్ నిలబెట్టుకున్న పొలం అక్కడే ఉంది గానీ గేటు మారింది. మా గడ్డి మీద ఇప్పుడు సెలవులకి అద్దెకిచ్చే రెండు కాటేజీలు లేచాయి. నీళ్ల కుళాయి ఉన్నచోట ఎవరిదో కారు ఛార్జింగ్ పెట్టుకుని ఉంది. మేఘన ఇంజన్ ఆపకుండానే అటూ ఇటూ చూసి, "దిస్ ఈజ్ ఇట్?" అంది. ఇదేనన్నాను. చూడటానికి ఏమీ లేదు కాబట్టి కారు వెనక్కి తిప్పింది. నాకు మాత్రం అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లో నేను లోకమ్ డాక్టర్ని. ఈ దేశంలో పనిచేయడానికి కావలసిన పరీక్ష అయితే పాసయ్యాను గానీ పద్ధతైన ట్రైనింగ్ పోస్టు దొరకలేదు. ఎక్కడ డాక్టరు సెలవు పెడితే అక్కడికి, ఎక్కడ డ్యూటీ రోటాలో ఖాళీ పడితే అక్కడికి పరిగెత్తడమే. శుక్రవారం ఏజెన్సీ అమ్మాయి ఫోన్ చేసి, సోమవారం నుంచి ఫలానా ఊరు అనేది. నేను మ్యాపు పరుచుకుని ఆ ఊరు ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. ఒకచోట రెండు వారాలుంటే ఇంకోచోట రెండు నెలలు. ఆస్పత్రివాళ్లు ఇచ్చే గదిలో ఒంటి మనిషికి సరిపోయే మంచం, ఒక వాష్‌బేసిన్. వంటగది నలుగురిదీ, అందులో ఎవరి పాలసీసా మీద వాళ్ల పేరు. మొగుడికీ పిల్లకీ అక్కడ చోటుండేది కాదు. పోనీ బయట తీసుకుందామంటే అన్ని కొద్ది రోజులకి ఇల్లు ఎవరూ అద్దెకివ్వరు. మా ఆయన రఘు సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాక్టు పనులు చేసేవాడు. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోయిన రోజుల్లో అతనికి ఊపిరాడనంత పని. చివరికి కంప్యూటర్లు ఆగలేదు, అతని కాంట్రాక్టే ఆగింది. లీసెస్టర్ ఫ్లాట్‌లో మేఘనని చూసుకుంటూ, మధ్యమధ్యలో ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకుంటూ ఉండేవాడు. మేఘనకి అప్పుడు మూడేళ్లు నిండబోతున్నాయి.

శుక్రవారం సాయంత్రం నేను ఇంటికొస్తే అది రఘు కాళ్ల వెనక నక్కి చూసేది. ఏడ్చేది కాదు, అల్లరి చేసేది కాదు, ఎవరో తెలిసినావిడ వచ్చిందన్నట్టు మర్యాదగా చూసేది. శనివారం కొంచెం దగ్గరికొచ్చేది. ఆదివారం మధ్యాహ్నానికి నా ఒళ్లోకి చేరి నా గాజులతో ఆడుకునేది. అప్పటికి నేను బ్యాగు సర్దుకునే వేళయ్యేది. ఆ దిగులు నేనెవరికీ చెప్పుకోలేదు, ఎందుకంటే మా చుట్టూ ఉన్నవాళ్ల దృష్టిలో దీనికి మందు ఎప్పుడో కనిపెట్టేశారు. పిల్లని ఇండియా పంపించేయడం. మాకు తెలిసిన డాక్టర్ల ఇళ్లలో సగం మంది ఆ పని చేసినవాళ్లే. పద్మ ఆంటీ మా బ్లాకులో కింది ఫ్లాట్‌లో ఉండేది, పండగలకి పిలిచి అన్నం పెట్టే మనిషి. ఆవిడ కూడా అదే మాట. "మేమూ పంపించాం కదమ్మా మావాణ్ణి. రెండేళ్లు వాళ్లమ్మమ్మ దగ్గరున్నాడు. బొద్దుగా తయారై వచ్చాడు. నువ్వు ముందు పర్మనెంట్ పోస్టు చూసుకో, తర్వాత తెచ్చుకోవచ్చు." ఆ మాటలో చెడ్డేమీ లేదు. అందుకే కాదనడం అంత కష్టమైంది.

ఆ వసంతంలో అత్తయ్య విజిటర్ వీసా మీద వచ్చింది. అప్పుడే రిటైరైంది. మేఘనని తనతో ఒంగోలు తీసుకెళ్లడానికే ఆ రావడం. మామయ్య చాలా ముందే పోయారు. రఘు ఒక్కడే కొడుకు. ట్రాన్స్‌ఫర్ల బడుల వెంట పసివాణ్ణి తిప్పలేక అతన్ని చీరాలలో తన తల్లి దగ్గర ఉంచి పెంచింది. ఆ తల్లీకొడుకుల మధ్య ఒక వింత మర్యాద ఉండేది. అత్తయ్య ఏమన్నా రఘు "అలాగేనమ్మా" అనేవాడు. కాఫీ చల్లగా ఉన్నా అలాగే, పెళ్లిలో పట్టుబట్టి వేయించిన కోటు రంగు నచ్చకపోయినా అలాగే. నాతో చిన్నదానికీ పెద్దదానికీ వాదించే మనిషి, ఆవిడ ముందు బ్యాంకు మేనేజరు ముందు నిలబడ్డట్టు ఉండేవాడు. మంచి కొడుకని నేను మురిసిపోయేదాన్ని.

కారవాన్ ఆలోచన రఘుకి కోపంలోంచి పుట్టింది. ఒక ఆదివారం నన్ను లింకన్‌షైర్‌లో ఆస్పత్రికి దింపడానికి వెళ్తుంటే, ఒంటి దారి రోడ్డు మీద ఒక కారు తెల్లటి కారవాన్‌ని లాక్కుంటూ మా ముందు నత్తనడక నడుస్తోంది. దాటడానికి వీల్లేదు. ఈ దేశంలో ఎంత శాంతమూర్తికైనా కారవాన్ వెనక ఇరుక్కుంటే నోరు పాడవుతుంది. రఘు తెలుగులో, ఇంగ్లిష్‌లో, కొంచెం హిందీలో తిట్టాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఊరుకున్నాడు. చాలా దూరం పోయాక, "ఆ ముందు పోయేది ఇల్లే కదా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "అందులో మంచాలున్నాయి, పొయ్యి ఉంది, బాత్‌రూమ్ ఉంది. నీకు ఏ ఊళ్లో పనిపడితే ఆ ఊరికి లాక్కుపోవచ్చు. నేనెలాగూ ఖాళీగానే ఉన్నా. నువ్వు డ్యూటీ దిగి రోజూ ఇంటికి రావచ్చు." వెనక సీట్లో మేఘన నిద్రపోతోంది. నేను ఆ తెల్లటి పెట్టె వెనకున్న కిటికీ వంకే, అందులో వేలాడుతున్న చిన్న పూల కర్టెన్ వంకే చూస్తూ కూర్చున్నాను. అంతసేపూ దాన్ని దాటమని రఘుని తొందర పెట్టింది నేనే, ఇప్పుడది పక్కకి తిరిగిపోతుందేమోనని భయపడ్డాను.

అత్తయ్యకి చెప్తే ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. బియ్యం ఏరుతూ, "డబ్బాలో కాపరం చేస్తారా?" అంది. తర్వాత చేట పక్కన పెట్టి, "సరే, చూద్దాం. నేనున్నన్నాళ్లూ నేనూ అందులోనే ఉంటా. పిల్లకి అది ఇల్లనిపిస్తే ఇక్కడే ఉండనీండి. లేదంటే పోయేటప్పుడు నాతో తీసకపోతా. మళ్లీ ఏడుపులూ మొత్తుకోళ్లూ పెట్టబాకండి," అంది. టీచరుగారి మాట, ఇంకో మాట లేదు. రఘు "అలాగేనమ్మా" అన్నాడు. ఆ క్షణం నుంచి నాకు కారవాన్ ఎంపిక పెళ్లిచూపుల కంటే ఎక్కువైంది. ఏది కొంటామన్నదాని మీద కాదు, మా పిల్ల ఎక్కడ పెరుగుతుందన్నదాని మీద నా ప్రాణమంతా ఉంది.

యార్డులో సేల్స్‌మన్ పేరు గ్రాహమ్. లీసెస్టర్ వాళ్ల అలవాటు కొద్దీ ప్రతి ఆడమనిషినీ ఆప్యాయంగా "మి డక్" అనేవాడు. "నన్ను బాతంటాడేంది?" అని అత్తయ్య నన్నడిగితే, ఇక్కడ అది అమ్మా అన్నట్టేనని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. మొదట చూపించింది నాలుగు చక్రాల పెద్ద కారవాన్, లోపల పెళ్లిమండపంలా ఉంది. కానీ రఘు ఈ దేశంలో లైసెన్సు తీసుకుంది ఆలస్యంగా. అంత బరువు లాగాలంటే ఇంకో పరీక్ష పాసవ్వాలి, మా పాత ఎస్టేట్ కారూ దాన్ని లాగలేదు. రెండోది తేలిక, చవక, సీట్లకి కొత్త గుడ్డ వేశారు. గ్రాహమ్ ఇంకా హీటింగ్ గురించి చెప్తూనే ఉన్నాడు, అత్తయ్య సీటు మీద చీర పరిచి పడుకుంది. గ్రాహమ్ కంగారుపడ్డాడు. "ఈజ్ షి ఆల్ రైట్?" అంటే నేను సిగ్గుతో చచ్చిపోతూ, ఆవిడ ఇల్లు పరీక్షిస్తోందని చెప్పాను. అత్తయ్య ఎంతోసేపు పడుకోలేదు. లేచి కూర్చుని మూలకేసి ముక్కు పెట్టి, "ముక్కిన బియ్యం వాసనొస్తంది. ఈ గోడలో నీళ్లు దిగినయ్," అంది. గ్రాహమ్ కొంచెం ఎర్రబడి, అవును, ఆ మూల రిపేరు చేయించాలని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత నేను సిగ్గుపడటం మానేశాను.

మూడోది పాతదే, కానీ పొడిగా ఉంది. ముందువైపు ఎదురెదురుగా రెండు పొడుగాటి సీట్లు, వాటిని కలిపితే మంచం. పక్కన పిల్లలకి ఒకదాని మీద ఒకటి రెండు చిన్న బల్లలు, వెనక చివర వెడల్పంతా వంటగది. వంటగదికి పెద్ద కిటికీ ఉంది. అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి గరిట తిప్పుతున్నట్టు చెయ్యి తిప్పి చూసింది. కింది బల్ల మీద మేఘనని కూర్చోబెట్టింది. ఆ తర్వాత ముందు సీటు మీద చీర పరిచింది. బయట చినుకులు మొదలయ్యాయి, పైకప్పు మీద టపటపమని చప్పుడు. కాసేపటికి అత్తయ్య నోరు కొంచెం తెరుచుకుంది, సన్నగా గురక వినిపించింది. మేఘన కూడా పోయి నాయనమ్మ పొట్ట పక్కన ముడుచుకుంది. రఘు, నేను, గ్రాహమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉండిపోయాం. లేపమని అడగడానికి గ్రాహమ్‌కి నోరు రాలేదు. ఆఫీసుకెళ్లి అందరికీ టీ పట్టుకొచ్చాడు. అత్తయ్య లేచి జుట్టు సర్దుకుని, "డబ్బా బాగుంది," అంది. నేను ఎగిరి గంతేయబోతుంటే, "డబ్బా బాగుందన్నా. బతుకు ఎట్టా ఉంటదో ఇంకా చూడాల," అని చీర మడిచి సంచిలో పెట్టుకుంది.

సామాను సర్దడంలో అసలు గొడవ వచ్చింది. గ్రాహమ్ రఘుకి పదేపదే చెప్పాడు, బరువైనవన్నీ మధ్యలో చక్రాల మీద పడేట్టు, సీట్ల కింది అరల్లో పెట్టమని, వెనక చివర బరువు పెట్టొద్దని. మాకున్న బరువులు ఏమిటి? రెండు బియ్యం బస్తాలు, పప్పుల డబ్బాలు, ఆవకాయ జాడీలు, అత్తయ్య ఒంగోలు నుంచి విమానంలో మోసుకొచ్చిన రాతి రోలు గ్రైండరు. బియ్యం సీట్ల కింద పెడదామనగానే ఆవిడ మొహం మారింది. "బియ్యం మీద కూర్చుంటామా? బియ్యం మీద కాళ్లు పెట్టుకుని పడుకుంటామా? బియ్యం వంటింట్లో కాక యాడుంటయ్?" అంది. వంటిల్లేమో వెనక చివర. వెనక బరువు పెట్టకూడదటమ్మా అని రఘు రెండు మూడుసార్లు నసిగి, చివరికి "అలాగేనమ్మా" అన్నాడు. బరువుకి నేలకేసి వంగిన వెనక భాగాన్ని చూస్తూ కూడా అదే మాట. ఆవిడకి ఇంకో కోరిక కూడా ఉండేది. ఇంత మంచి మంచాలు పెట్టుకుని కార్లో ఇరుక్కుని కూర్చోవడం దేనికి, తనూ పిల్లా వెనక పడుకుని వస్తామంది. అది చట్టప్రకారం నేరమని నేనే గట్టిగా చెప్పడంతో ఆగింది. ఈ రోజుకీ ఆ సంగతి తలుచుకుంటే నాకు చెమటలు పడతాయి.

ఎందుకంటే లింకన్‌షైర్ దారిలో ఒక దిగుడు మీద, పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటుకుపోయిన గాలికి, మా కారవాన్ ఊగడం మొదలుపెట్టింది. మొదట కొంచెం, తర్వాత తోక ఝాడించే పశువులా కారునే అటూ ఇటూ ఈడ్చేసింది. స్టీరింగ్ రఘు మాట వినడం లేదు. అద్దంలో మా ఇల్లు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనిపిస్తోంది. బ్రేకు తొక్కొద్దన్న గ్రాహమ్ మాట ఎలా గుర్తొచ్చిందో, రఘు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నాడు. మెల్లగా ఊపు తగ్గింది. రోడ్డు పక్కన బళ్లు ఆపుకునే లే-బై కనపడగానే పక్కకి తీసి ఆపాడు. మేఘనకి మాత్రం ఇదంతా ఆటలా ఉంది. అది చప్పట్లు కొట్టి, "అగైన్, డాడీ!" అంది.

రఘు కారు దిగి, వెనక తలుపు తీసి, తన తల్లి మీద అరిచాడు. అరవడమంటే అలాంటిలాంటి అరుపు కాదు. "ఎన్నిసార్లు చెప్పాను! వెనక బరువు పెట్టొద్దని చెప్పానా లేదా? నీ బియ్యం, నీ గ్రైండరు, నీ మొండితనం! ఎవరి మాటా వినవు. పిల్ల ఉంది కార్లో, తెలుసా నీకు? చచ్చేవాళ్లం అందరం!" పక్కన లారీలో శాండ్‌విచ్ తింటున్న డ్రైవరు కిటికీ అద్దం దించి చూశాడు. వాళ్లిద్దరి మధ్యా అలాంటి మాట నేనెన్నడూ వినలేదు. అత్తయ్య బిత్తరపోయి కూర్చుంది. రఘు గిర్రున తిరిగి కంచె దాకా నడిచి అటు తిరిగి నిలబడ్డాడు. అప్పుడావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. "చూశావా అమ్మాయ్? నన్ను తిట్టాడు! నా మీద అరిచాడు!" అంది. భయానికి మతి చలించిందేమోనని, డాక్టర్ని కదా, నేను ఆవిడ నాడి పట్టుకుని చూశాను.

రఘు తిరిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "అమ్మా, నువ్వు మేఘనని తీసుకెళ్లిపో. ఇది మా వల్ల కాదు. దీన్ని ఈ రోడ్ల మీద తిప్పలేను," అన్నాడు. నేను భయపడ్డ మాట అదే, నా మొగుడి నోటి నుంచే వచ్చింది. నేను అత్తయ్య వంక చూశాను.

"నేను తీసకపోను," అంది ఆవిడ.

"ఏంటి?"

"తీసకపోనంటే తీసకపోను. నిన్ను మా అమ్మ కాడ వదిలిపెట్టినప్పుడు అందరూ మంచి పని చేశావే అన్నారు. మంచి పనే, కాదన్ను, వేరే దారి లేదు నాకు. నెలకోసారి బస్సెక్కి వచ్చేదాన్ని. నువ్వు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవాడివి. అయిదేళ్ల పిలగాడివి, 'కూర్చోండి' అనేవాడివి నన్ను. ఊరంతా మెచ్చుకునేది, ఎంత మర్యాదస్తుడే నీ కొడుకు అని. నేను బస్సులో కూర్చుని ఏడ్చేదాన్ని. ఇప్పటిదాకా నన్నట్టాగే చూస్తన్నావు. ఏమన్నా అలాగేనమ్మా. ఎప్పుడన్నా ఒక్కసారి కాదమ్మా అంటావేమోనని చూస్తనే ఉన్నా. ఇయ్యాలటికి తిట్టావు. ఎంత హాయిగా ఉందిరా నాయనా!" కొంగుతో కళ్లు తుడుచుకుని మేఘన వైపు చూపించింది. "ఇది పెద్దయినాక వాళ్లమ్మ మీద ఇట్టాగే అరవాల. నీళ్లు తెచ్చిచ్చి కూర్చోండి అనకూడదు. ఈ బియ్యం సంగతి నేను చూస్తాగానీ, నువ్వు నోరు మూసుకుని బండి తియ్యి."

ఆ లే-బైలో నేను ఏడ్చినంతగా ఆ తర్వాత ఏ సంతోషానికీ ఏడవలేదు. అయితే బియ్యం సంగతి అంత తేలిగ్గా తేలలేదు. సీట్ల కింద పెట్టడానికి ఆవిడ అప్పుడు కూడా ఒప్పుకోలేదు, రఘు మళ్లీ అరిచాడు, ఆవిడ కూడా అరిచింది. చివరికి బస్తాలూ గ్రైండరూ కారవాన్ మధ్యలో, సరిగ్గా చక్రాల మీద, నడిచే దారిలో పెట్టారు. ప్రయాణంలో లోపల ఎవరూ నడవరు కాబట్టి ఎవరి కాలూ తగలదు, దిగాక మళ్లీ వంటింట్లోకి చేరుతాయి. ఆ ఏర్పాటు మేం ఆ కారవాన్ అమ్మేదాకా సాగింది.

అలా మొదలైన బతుకు ఏడాదిన్నర నడిచింది. ఏ ఊళ్లో పనిపడితే ఆ ఊరి బయట, ఆస్పత్రికి దగ్గర్లో ఏదో ఒక పొలంలో చోటు దొరికేది. పొద్దున్నే రఘు నీళ్ల డ్రమ్ము గడ్డి మీద దొర్లించుకుంటూ కుళాయి దగ్గరికి పోయేవాడు, మేఘన వెనకాల బూట్లేసుకుని పరిగెత్తేది. టాయిలెట్ పెట్టె పారబోసి రావడం కూడా అతని పనే, ఆ పని చేసేటప్పుడు మాత్రం ఎవరూ తనని పలకరించకూడదనేవాడు. లోపల పోపు వేస్తే పరుపులన్నీ ఇంగువ వాసన కొడతాయని, కారవాన్ పక్కన కట్టే గుడారంలో చిన్న గ్యాస్ పొయ్యి పెట్టి అత్తయ్య అక్కడ వండేది. గ్రైండరు తిరిగేటప్పుడు కెటిల్ వేస్తే కరెంటు టప్పున పోయేది. అందుకని పిండి రుబ్బుతున్నంతసేపూ టీ అడగకూడదు. పక్క కారవాన్లలో ముసలి దంపతులు ఆ వాసనకి ముక్కులెగరేసుకుంటూ వచ్చి, ఓ దోసె తిని పోయేవారు. తల్లీకొడుకులు ఆ ఇరుకులో రోజుకి రెండు పోట్లాటలైనా పెట్టుకునేవారు. కిటికీ తీయాలా మూయాలా, పాలు ఎవరు మరిగించారు, తడి తువ్వాలు ఎక్కడ వేశారు. నేను డ్యూటీ నుంచి వస్తూ గేటు దగ్గరే వాళ్ల గొంతులు విని, హమ్మయ్య, అంతా బాగానే ఉందనుకునేదాన్ని.

నాకు అన్నిటికంటే గొప్పగా ఉండేది తలుపు. కారవాన్ తలుపు అడ్డంగా రెండు ముక్కలు, పైసగం తెరిచి పెట్టుకోవచ్చు. నా కారు శబ్దం వినగానే కింది తలుపు మీంచి మేఘన తల పైకొచ్చేది. సోమవారం కూడా, మంగళవారం కూడా. కాళ్ల వెనక నక్కి చూడటం ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు, ఒకరోజు చూస్తే మానేసి ఉంది. అత్తయ్య వీసా అయిపోయి వెళ్లేనాడు ఎయిర్‌పోర్టులో మేఘన నా చంకలో ఉంది. దానికోసం కొనని టికెట్టు గురించి మాలో ఎవరం మాట్లాడలేదు. ఆవిడ పిల్ల బుగ్గ మీద ముద్దు పెట్టి, కొడుకుతో, "బియ్యం మీద కూర్చోబాక," అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత నాకు లీసెస్టర్‌లోనే ట్రైనింగ్ పోస్టు దొరికింది, రఘుకీ పని దొరికింది, ఇటుకల ఇల్లు కొన్నాం. ఇప్పుడు మా స్టాన్‌మోర్ ఇంట్లో వంటగదే ఆ కారవాన్ అంత ఉంటుంది. ఎవరి గదిలో వాళ్లుంటే ఎవరెక్కడున్నారో తెలుసుకోవడానికి ఇంట్లోంచి ఇంట్లోకే ఫోన్ చేసుకుంటాం. నేనేమీ ఆ రోజులే బాగున్నాయని అనను. జనవరిలో కిటికీల లోపలివైపు నీళ్లు కారేవి, దుప్పట్లు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి, మా ఫ్లాట్ వదిలేశాం కాబట్టి జీపీ డాక్టరు క్లినిక్‌లో అడ్రసు అడిగితే పద్మ ఆంటీ ఫ్లాట్ నంబరు చెప్పుకునేవాళ్లం. వేడినీళ్లు చాలినన్ని వచ్చే ఇంటిని మించిన సుఖం లేదు. కానీ నా బతుకులో ఎవరికైనా రుణపడి ఉన్నానంటే, ముందు ఆ పాత కారవాన్‌కీ, అందులో కునుకు తీసిన మనిషికీ.

మొన్న హార్బరో నుంచి వెనక్కి వస్తూ ఇదంతా మేఘనకి చెప్పాను. ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు. అది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వింది. "నాకు ఏమీ గుర్తులేదమ్మా. నాట్ ఎ థింగ్. కారవాన్ గుర్తులేదు, ఫార్మ్ గుర్తులేదు," అంది. నాకు కొంచెం మనసు చివుక్కుమంది. అంత అపురూపంగా దాచుకున్నదంతా దానికి లేనే లేదు కదా అనిపించింది. "పోనీ అంతకుముందు ఫ్లాట్‌లో? శుక్రవారం నేనొస్తే డాడీ కాళ్ల వెనక దాక్కునేదానివి. నా దగ్గరికి వచ్చేదానివి కాదు," అన్నాను.

మేఘన నా వైపు తిరిగి, నాకు మతిపోయిందన్నట్టు చూసింది. "డోంట్ బి డాఫ్ట్, మమ్," అని గట్టిగా కసిరింది. "నువ్వు ఎక్కడికైనా వెళ్లినట్టే నాకు గుర్తులేదు. యు వర్ ఆల్వేస్ దేర్."

ఆ మాట నిజం కాదు. అయినా నేను దాన్ని సరిదిద్దలేదు.